ఓటు లేని గొంతుతో ఓట్లు అడగకండి: ప్రచార కమిటీలకు ఒక రికార్డిస్టు బహిరంగ లేఖ

అన్ని రాజకీయ పార్టీల ప్రచార కమిటీల పెద్దలకు, మీడియా విభాగాల బాధ్యులకు,

నమస్కారం.

నేనో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతాను. పాతికేళ్లుగా ఇదే పని. మామూలు రోజుల్లో భక్తి పాటలు, జానపదాలు, దుకాణాల ప్రకటనలు చేస్తాం. ఎన్నికలొచ్చాయంటే మాత్రం రాత్రీ పగలూ మీ పాటలే. పొద్దున ఒక పార్టీ వాళ్లు లేచి వెళ్లిన సోఫాలో సాయంత్రం అవతలి పార్టీ వాళ్లు వచ్చి కూర్చుంటారు. ఎవరి పాట ఎవరి చెవినా పడకుండా తలుపులేసుకుని పని కానిచ్చేస్తాం. మీలో ఎవరి డబ్బూ ముట్టలేదని నేను చెప్పను. కాబట్టి ఈ లేఖ ఏ ఒక్క పార్టీ మీదో రాస్తున్నది కాదు. నాకు జరిగినదాంట్లో పేర్లు కూడా రాయను. ఎవరికి వారికి తెలుస్తుంది.

టీవీ పాటల పోటీల్లో, డ్యాన్స్ షోల్లో, రీల్స్‌లో పేరు తెచ్చుకున్న పిల్లల్ని మీరు ప్రచారానికి వాడుకోవడం గురించి రాస్తున్నాను. ఇది తప్పని నాకు చట్టం చదివితే తెలియలేదు. నా స్టూడియోలో, నా చేతుల మీదుగా జరిగాక తెలిసింది.

2019 ఎన్నికలకు ముందు సంగతి. రాత్రి తొమ్మిది దాటాక ఒక పార్టీ మీడియా కుర్రాడు, ఒక తొమ్మిదేళ్ల పాప, వాళ్ల నాన్న వచ్చారు. పాపను చూడగానే గుర్తుపట్టాను. అంతకు కొన్ని నెలల ముందే టీవీ పాటల పోటీలో ఫైనల్ దాకా వెళ్లింది. మా ఆవిడ ఆ ప్రోగ్రాం ఒక్క వారం వదల్లేదు. బూత్‌లో మైక్ స్టాండు ఎంత కిందికి దించినా పాప నోటికి అందలేదు. పీట వేశాం. హెడ్‌ఫోన్స్ జారిపోతుంటే వాళ్ల నాన్న జేబురుమాలు మడిచి నడినెత్తి మీద పెట్టి, దాని మీద బ్యాండు సర్దాడు.

పాట ఓ హిట్ ట్యూన్‌కి పేరడీ. పల్లవిలో ‘సంక్షేమ సారథి’ అని ఉంది. పెద్ద గాయకులు కూడా ఆ ‘క్ష’ను నమిలేస్తారు. పాప మాత్రం ఒత్తులతో సహా తేటగా పలికింది. రెండో టేక్ అయ్యాక హెడ్‌ఫోన్స్ పైకి లేపి అడిగింది.

“అంకుల్, సంక్షేమం అంటే ఏంటి?”

“అందరూ బాగుండటం తల్లీ.”

“సారథి అంటే?”

“బండి నడిపేవాడు.”

“అయితే ఈయన డ్రైవరా?”

ఇవతల కూర్చున్న ముగ్గురం పగలబడి నవ్వాం. నేను కూడా నవ్వాను, అది దాచను.

పాట అయిపోయింది. మీడియా కుర్రాడికి మాత్రం ఏదో వెలితి. ఆ షోలో జడ్జీలు మెచ్చుకున్నప్పుడల్లా పాప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వేది. ఆ నవ్వుకు వేరే అభిమానులుండేవారు. పాట చివర నాయకుడి పేరు వచ్చాక ఆ నవ్వు కావాలన్నాడు. అప్పటికి టైము పదకొండు. కళ్లు మూతలు పడుతున్న పిల్లకి నవ్వెక్కడి నుంచి వస్తుంది? ఒకటి, రెండు, మూడు టేకులు పోయాయి. వాళ్ల నాన్న అద్దానికి ఇవతల నిలబడి కోతి చేష్టలు చేశాడు. మొత్తం ఎనిమిది టేకులు తీశాం. ఆరోది బాగుందని అది పెట్టాం. ఫైళ్లకి పేర్లు నేనే ఇచ్చాను. నవ్వు 1, నవ్వు 2, అలా 8 దాకా.

పాడేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. ఆ రాత్రి మీరు కొన్నది ఆ నవ్వు. దాన్ని ముద్దు చేసిన ఇళ్లలో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. మీ అభ్యర్థి మైకు పట్టుకుంటే ఛానల్ మార్చేసేవాడు కూడా ఆ పాప గొంతు వినగానే ఆగుతాడు. ఆ ఆగడమే మీకు కావాలి. ఊళ్లో పిల్లలకు టోపీలు పెట్టి ర్యాలీలో నడిపించడం పాత పద్ధతి, అదీ తప్పే. పేరున్న పిల్లల విషయంలో జరిగేది ఇంకో రకం. జనం ఆ పిల్ల మీద పెంచుకున్న ఇష్టాన్ని తీసుకెళ్లి మీ గుర్తుకు అంటుకడతారు. అంటు మీకు బతుకుతుంది. మొక్క సంగతి ఎవరూ చూడరు.

మొక్క సంగతి నేను చూశాను. పాట ప్రచార రథాలెక్కింది. నాలుగు రోజులు తిరక్కుండానే అవతలి పార్టీ అభిమానులు దానికి ఎదురు పేరడీ కట్టి, పాప టీవీ క్లిప్పుల మీద అతికించి వదిలారు. కింద కామెంట్లలో తొమ్మిదేళ్ల పిల్లని అన్న మాటలు ఇక్కడ రాయలేను. స్కూల్లో తోటి పిల్లలు పేరు మానేసి మీ పార్టీ గుర్తుతో పిలవడం మొదలుపెట్టారు. పిల్లలకు అది సరదా. అంతకు ముందు ఉత్సవాలకు, ఫంక్షన్లకు పాటకి పిలిచేవాళ్లు. అందులో సగం మంది నిర్వాహకులు ‘ఆ పార్టీ పాప’ అని పిలవడం మానేశారు. ఇంతలో ఎన్నికలయ్యాయి. రెండేళ్లు తిరక్కుండా ఆ సంక్షేమ సారథి కండువా మార్చి అవతలి బండెక్కాడు. ఆయన వేసుకున్న కొత్త కండువాకి ఎవరూ ఏమీ అనలేదు, మన దగ్గర అది మామూలే. పాప పాటను మాత్రం మళ్లీ బయటికి తీసి, ‘చూశారా, అప్పుడేం పాడిందో’ అని ఇంకోసారి ఆడుకున్నారు. పార్టీ మారింది ఆయన. తిట్లు తిన్నది ఐదో తరగతి పిల్ల.

నాకు యాభై దాటాయి. ఎవరికి ఓటేశానో మా ఆవిడకు కూడా చెప్పను, ఆవిడా నాకు చెప్పదు. ఇంట్లో ప్రశాంతత కోసం మేం పెట్టుకున్న ఏర్పాటు అది. దేశం కూడా అదే ఏర్పాటు పెట్టింది. యంత్రం చుట్టూ అట్ట అడ్డం పెడతారు. ఓటు రహస్యాన్ని కాపాడాలని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 128వ సెక్షన్ ఎన్నికల సిబ్బందికీ మీ ఏజెంట్లకూ కూడా చెబుతుంది. ఎవరు ఎటు మొగ్గారో తెలిస్తే మనిషికి ముప్పు రావచ్చని, మొహమాటం రావచ్చని కదా ఇంత జాగ్రత్త. ఓటున్న పెద్దవాళ్లకి అంత అట్ట అడ్డం పెట్టి, ఓటు రావడానికి ఇంకా తొమ్మిదేళ్లున్న పిల్లని తీసుకొచ్చి, ఆమె ఎటో వాడవాడలా మైకులో చాటించారు. 18 నిండాక ఆమె మనసు ఎటు పోతుందో ఎవరికి తెలుసు? ఎటుపోయినా ఆ పాట ముందే వెళ్లి కూర్చుని ఉంటుంది.

సినిమావాళ్లు ప్రచారం చేయట్లేదా అని మీరడుగుతారు. చేస్తారు, చేయనివ్వండి. మనకి అది కొత్తా? ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ ప్రకటించి తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు. పార్టీ పెట్టేనాటికి ఆయనకు 58 ఏళ్లు. ఏం పోతుందో, ఏం వస్తుందో లెక్క చూసుకునే దిగారు. ఇప్పటి హీరో ఎవరైనా ఒక పార్టీ వేదికెక్కితే, అవతలి పార్టీ అభిమానులు తన సినిమా మీద పడతారని తెలిసే ఎక్కుతాడు. రేపు మనసు మారితే ప్రెస్‌మీట్ పెట్టి ‘నా దారి నాది’ అనగలడు. తొమ్మిదేళ్ల పిల్ల ఏ ప్రెస్‌మీట్ పెడుతుంది?

హాలీవుడ్‌లో షిర్లీ టెంపుల్ అని ఒక బాలతార ఉండేది. 1938లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఒకటి కమ్యూనిస్టుల కోసం వెతుకుతుంటే, ఒక సాక్షి ఈ పాప పేరు కూడా ఎత్తాడు. ఫ్రాన్సులో ఒక కమ్యూనిస్టు పత్రికకు శుభాకాంక్షలు పంపిన తారల్లో ఆమె ఉందట. ఆమెకప్పుడు 10 ఏళ్లు. కమిటీని లోకమంతా ఎగతాళి చేసింది గానీ, పది ఏళ్ల పిల్ల పేరు రికార్డులోకి ఎక్కడం మాత్రం ఎక్కింది. అదే మనిషి పెద్దయ్యాక, 1967లో రిపబ్లికన్‌గా కాంగ్రెస్ సీటుకు పోటీ చేసి ఓడిపోయింది. తర్వాత ఘనాకి, చెకొస్లోవేకియాకి రాయబారిగా వెళ్లింది. చిన్నప్పుడు ఎవరో అంటించిన రంగు ఒకటి, పెద్దయ్యాక తను ఎంచుకున్నది ఇంకొకటి.

చట్టం సంగతి మీకు నేను చెప్పాలా? ఆ కాగితాలు వచ్చేది మీ ఆఫీసులకే. అయినా చెబుతాను. ఎన్నికల పనుల్లో మైనర్లు పాల్గొనకుండా చూడాలని బాంబే హైకోర్టు 2014లోనే అంది. 2024 ఫిబ్రవరి 5న ఎన్నికల సంఘం మీకు మళ్లీ ఆదేశం పంపింది. ర్యాలీలు, నినాదాలు, కరపత్రాలు పంచడం, ఏదీ పిల్లలతో చేయించకూడదు. నాయకులు పిల్లల్ని ఎత్తుకోవడం, ప్రచార వాహనంలో ఎక్కించుకోవడం కూడా కుదరదు. పద్యం, పాట, మాట, పార్టీ చిహ్నాల ప్రదర్శన, మీ విజయాలు పొగిడించడం, అవతలివాళ్లని తిట్టించడం, అన్నీ అందులో పేరుపేరునా ఉన్నాయి. పాట అన్న మాట చదివినప్పుడు నాకు నా స్టూడియో గుర్తొచ్చింది.

అదే ఆదేశంలో ఒక మినహాయింపు ఉంది. అమ్మానాన్నలతో వచ్చిన పిల్లలు నాయకుడికి దగ్గర్లో ఉన్నంత మాత్రాన, ప్రచారంలో పాలుపంచుకోకపోతే, అది ఉల్లంఘన కాదు. మంచిదే. సభకి వచ్చిన తల్లి చంకలో పిల్లని ఎక్కడ పెట్టి వస్తుంది? కానీ ఆ సందులోంచి మీరు దూరుతున్నారు. ‘పాప ప్రచారం చేయలేదండీ, వాళ్ల నాన్నతో వచ్చింది, స్టేజీ మీద కూర్చుంది అంతే’ అంటారు. మామూలు పిల్లల విషయంలో ఆ మాట నమ్మొచ్చు. ఇంటింటికీ తెలిసిన మొహాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి, కెమెరా ప్రతి రెండు నిమిషాలకీ అటు తిప్పితే, ఆ కూర్చోవడమే ప్రచారం. ఇంకొందరైతే కోడ్ రాకముందే సన్మానం పేరుతో పిలిచి, శాలువా కప్పి, ‘అన్న గురించి నాలుగు ముక్కలు చెప్పమ్మా’ అని మైకు చేతికిస్తారు. ఆ వీడియోని కోడ్ వచ్చాక తిప్పుతారు. అడిగితే పాత వీడియో అంటారు. పంచాయతీ, మున్సిపల్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంటాయి కదా, కేంద్ర సంఘం ఆదేశం మాకెందుకు అనే తెలివి కూడా చూపించకండి దయచేసి. పిల్లకి ఏ సంఘమైతే ఏమిటి?

ఇంకోటి. ఒక సబ్బు ప్రకటనలో చిన్నపిల్లని చూపించాలంటే బాల కార్మిక చట్టం నిబంధనల ప్రకారం నిర్మాత కలెక్టరు దగ్గర అనుమతి తీసుకోవాలి. రోజుకి 5 గంటలు మించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, వరసగా 27 రోజులకన్నా ఎక్కువ చేయించకూడదు. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్ల పేరు మీద బ్యాంకులో వేయాలి. మీ దగ్గర ఇవేవీ ఉండవు, ఎందుకంటే మీ లెక్కలో అది పని కాదు, అభిమానం. మధ్యాహ్నం మూడింటికి తీసుకెళ్లిన పిల్ల నాయకుడు వచ్చేదాకా రాత్రి వరకూ స్టేజీ వెనక కారులో కూర్చుంటుంది. ఇచ్చేది కవర్లో ఇస్తారు. దానికి రసీదు ఉండదు, అభ్యర్థి ఖర్చు లెక్కలోనూ చేరదు. సబ్బు కంపెనీ పాటించాల్సినన్ని నియమాలైనా దేశాన్ని ఏలాలనుకునేవాళ్లకి లేవు.

మీలో ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు మాత్రం బాగా చేసుకుంటారు. 2019లో అమేథీలో ప్రియాంకా గాంధీ ముందు పిల్లలు నినాదాలిస్తే గొడవ చేసింది బీజేపీ. 2022 సెప్టెంబరులో రాహుల్ గాంధీ యాత్రలో పిల్లలున్నారని జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎన్నికల సంఘానికి రాసింది. అదే ఏడాది నవంబరులో గుజరాత్ ఎన్నికలప్పుడు ఒక చిన్న పాప బీజేపీని పొగుడుతూ చెబుతుంటే ప్రధాని మోదీ పక్కన నిలబడి విన్న వీడియో బయటికొచ్చింది. ఈసారి ఫిర్యాదు చేయడం ప్రతిపక్షాల వంతు. 2020 ఢిల్లీ ఫలితాల రోజు కేజ్రీవాల్‌లా మఫ్లర్ చుట్టి, కళ్లజోడు, మీసం పెట్టిన ఏడాది పిల్లాడు దేశమంతా పాకిపోయాడు. ఆమ్ ఆద్మీ పార్టీ వాడిని ప్రమాణ స్వీకారానికి పిలిచింది. ముద్దుగానే ఉన్నాడు, నేనూ చూశాను. కానీ ఆ ఫొటో వాడు పెట్టుకున్నది కాదు, వాడు తీసేయగలిగిందీ కాదు. పక్కవాడి వేదిక మీద పిల్లలు కనిపిస్తే బాలల హక్కులు, మన వేదిక మీదైతే జనాదరణ. దొందూ దొందే.

తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే చేశాం అంటారు. ఆ రాత్రి వాళ్ల నాన్న నా పక్కనే కూర్చున్నాడు కాబట్టి ఆ ఒప్పుకోలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆయనకు రాజకీయాలు పట్టవు. చిన్న ఉద్యోగం. ఎమ్మెల్యే మనిషి ఫోన్ చేసి, ‘మన పాపే కదా, ఒక్క పాట’ అన్నాడు. కాదంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోవడమే టెన్షన్. రేపు పాప ప్రోగ్రాంకి పర్మిషన్ కావాలన్నా, ఆయన బదిలీ కావాలన్నా మళ్లీ ఆ మనిషి గుమ్మం ముందే నిలబడాలి. ఆశ కూడా ఉంది, లేదనను. పెద్ద పరిచయం, పెద్ద స్టేజీ. ఈ రెండింటి మధ్య తల ఊపాడు. పిల్లల డబ్బు మీద బతికే తల్లిదండ్రులు ఉండరని కాదు, వాళ్ల గురించి ఇంకెప్పుడైనా. ఈయన అలాంటివాడు కాదు.

2024 ఎన్నికలప్పుడు ఒక బృందం వచ్చింది. ఈసారి పిల్లని తీసుకురాలేదు. “పాపను పిలవక్కర్లేదు సార్, అప్పటి ట్రాక్ మీ దగ్గరుంటుంది కదా, ఆ గొంతుని ఏఐలో కొట్టించి కొత్త సాహిత్యం పెడదాం” అన్నారు. పాప గొంతు అప్పటికే మారిపోయింది. తొమ్మిదేళ్ల గొంతు మాత్రం వాళ్లకింకా కావాలి. నేను లేదన్నాను. హార్డ్‌డిస్క్ పోయిందని అబద్ధమాడాను కూడా. నిజం చెప్పి కాదనేంత ధైర్యం నాకు లేదు, చేసేది చిన్న వ్యాపారం. ఆ మే నెల 6న ఎన్నికల సంఘం నకిలీ వీడియోల గురించి మీకు రాసిన సూచనల్లో, అలాంటిది దృష్టికి రాగానే 3 గంటల్లో తీసేయాలంటూ, ప్రచారంలో పిల్లల్ని వాడొద్దని కూడా మళ్లీ గుర్తుచేసింది. 3 నెలల్లో రెండోసారి గుర్తుచేయాల్సి వచ్చిందంటే మొదటిసారి మీరెంత విన్నారో తెలుస్తూనే ఉంది.

నేనడిగేది పెద్ద పని కాదు. కొత్త చట్టం అక్కర్లేదు. మీ పాటలు, వీడియోలు చేసే మాలాంటి వాళ్లకి పని అప్పజెప్పేటప్పుడు, 18 నిండని వాళ్ల గొంతు గానీ మొహం గానీ వాడొద్దని ఒక్క వాక్యం కాగితం మీద రాసివ్వండి. నియోజకవర్గంలో కుర్రాడు వచ్చి ‘పైనుంచి చెప్పారు’ అంటే, మేం ఆ కాగితం చూపించి బయటపడతాం. అసలు పైనుంచి ఏం చెప్పారో వాడికీ తెలుస్తుంది. సన్మానం చేయాలని నిజంగా ఉంటే కండువా లేకుండా, బ్యానర్ మీద నాయకుడి బొమ్మ లేకుండా చేయండి. అలా చేయాల్సి వస్తే ఎన్ని సన్మానాలు జరుగుతాయో నాకూ చూడాలనుంది. ఇప్పటికే మీ పేజీల్లో, ఛానళ్లలో ఉన్న పిల్లల పాటలు, వీడియోలు తీసేయండి. గెలిచిన ఎన్నికలవైనా, ఓడినవైనా, వాటితో మీకిక పనిలేదు.

ఆ పాపకి ఇప్పుడు పదహారు. 2029లో మొదటిసారి ఓటేస్తుంది. ఈ మధ్య కాలేజీ ఫంక్షన్‌కి ట్రాక్ చేయించుకోవడానికి స్నేహితురాళ్లతో మా స్టూడియోకి వచ్చింది. పీట అవసరం లేదు, మైక్ స్టాండు నేనే పైకి లేపాల్సి వచ్చింది. పని అయ్యాక మిగతా పిల్లలు బయటికి వెళ్తుంటే తను వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. “అంకుల్, ఆ ఎలక్షన్ పాట మీ దగ్గర ఇంకా ఉందా?” ఉందన్నాను. ఒకసారి వింటావా అంటే వద్దంది. తీసేయమంది. తన ముందే ఫోల్డర్ తెరిచి, పాట, ట్రాకు, ఎనిమిది నవ్వులూ అన్నీ తీసేశాను. తెర మీద ఫోల్డరు ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసి, థ్యాంక్స్ చెప్పి వెళ్లింది.

నా దగ్గరివి తీసేశాను. మీలో ఒకరి ఛానల్లో ఆ పాట ఇంకా ఉంది. ఆ నాయకుడు మీ పార్టీలో లేడు, పాట మాత్రం ఉంది. మీ ఛానల్లోది నేను తీయలేను. ఏ పాటో గుర్తు రాకపోతే ఒక్క ఫోన్ చేయండి, లింకు పంపిస్తాను. నంబరు మీ మీడియా కుర్రాళ్ల దగ్గర ఉంటుంది.

ఇట్లు,
మీకు పాటలు చేసిపెట్టిన ఒక రికార్డిస్టు